విద్య తీర్చుకునే బాకీ



మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలకు బెంగళూరు దారి కొత్త కాదు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ గారు హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ గారి దగ్గర బ్యాడ్మింటన్ నేర్చుకుని, ఆటకు మెరుగులు దిద్దుకోవడానికి అదే బెంగళూరు వెళ్ళారు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలు దెబ్బతింది. అదే మోకాలితో 2001లో బర్మింగ్‌హామ్‌లో చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. ప్రకాశ్ పదుకోన్ తర్వాత ఆ టైటిల్ గెలిచిన రెండో భారతీయుడు ఆయన. పేరు మారుమోగిపోతున్న ఆ రోజుల్లోనే శీతల పానీయం ప్రకటనకు వచ్చిన డబ్బు వద్దన్నారు.

ఆ గెలుపు కన్నా ఆయన తర్వాత చేసిన పని నాకు గొప్పగా అనిపిస్తుంది. బ్యాడ్మింటన్ అకాడమీ కోసం ప్రభుత్వం హైదరాబాద్‌లోని గచ్చిబౌలిలో ఐదెకరాలు ఇస్తే, కట్టడానికి డబ్బు చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. 2008లో అకాడమీ తెరుచుకుంది. తెల్లవారకముందే ఆయన కోర్టులో ఉంటారు. తానే వలకు అవతల నిలబడి, ఒకదాని వెంట ఒకటి షటిల్ విసురుతూ, పిల్లల అడుగు ఎక్కడ తప్పుతోందో చూస్తారు. రియో ఒలింపిక్స్‌కు ముందు శిష్యురాలు పి.వి. సింధు ఫోన్ తీసేసుకున్నారు, ఐస్‌క్రీమ్ మాన్పించారు. ఆ క్రమశిక్షణకు ఫలం దేశమంతా చూసింది: 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్‌కు కాంస్యం, 2016 రియోలో సింధుకు రజతం. 2009లో ఆయనకు ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. అంతకుముందే అది ఆరిఫ్ గారికీ దక్కింది. గురువు అందుకున్నది శిష్యుడూ గురువై అందుకున్నాడు.

మిత్రులారా, తాను ఊళ్ళు దాటి వెతుక్కున్న శిక్షణను తర్వాతి పిల్లల గుమ్మంలోకి తేవడమే ఆయన జీవితం మనకు చెప్పే మాట. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది మీ ఇంట్లో మొదటి పట్టభద్రులు. ఏ కోర్సు చదవాలి, దరఖాస్తు ఎలా నింపాలి, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి అన్నది చెప్పేవాళ్ళు లేక మీరు పడ్డ కష్టం మీకే తెలుసు. మీ వెనక వస్తున్న పిల్లలకు ఆ కష్టం తప్పించగలిగేదీ మీరే.

వెళ్ళండి, గెలవండి, బాగా సంపాదించండి. సెలవుకు ఊరొచ్చినప్పుడు మీరు చదివిన బడికి వెళ్ళి, పదో తరగతి పిల్లల దగ్గర ఒక పూట కూర్చోండి. చదువు బాకీ తీరేది అక్కడే.