ఆయాసం వయసు తెచ్చినదేనా?



గుండె నుండి దేహమంతటికీ రక్తం వెడలే ద్వారం బృహద్ధమని కవాటం. సాధారణంగా మూడు పలుచని రేకులు గల ఈ ద్వారం తెరచుకున్నప్పుడు దాని వైశాల్యం 3 నుండి 4 చదరపు సెంటీమీటర్లు. వయసు మీరిన కొందరిలో ఆ రేకులపై కాల్షియం పేరుకొని అవి బిగుసుకుంటాయి. పాలు తాగడం ఇందుకు కారణం కాదు. ద్వారం 1 చదరపు సెంటీమీటరుకు కుంచించుకుపోతే వ్యాధి తీవ్రమైనట్లే. ఆ ఇరుకు దారిన రక్తాన్ని నెట్టి నెట్టి ఎడమ జఠరిక గోడ దళసరెక్కుతుంది. చివరకు శక్తి ఉడిగిపోతుంది. అదే గుండె వైఫల్యం.

మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం దీని లక్షణాలు. వీటిని ముసలితనానికి అంటగట్టి ఉపేక్షించరాదు.

అనువాద వృత్తిలో ఉన్నందున ఒక్క మాట. మన ‘ఆయాసం’ కన్నడిగుల చెవికి ‘అలసట’. కనుక బెంగళూరులో వైద్యునితో ‘ఉసిరాటద తొందరె’ అనండి. స్టెతస్కోపులో వినిపించే అదనపు శబ్దం, ఆపై ఎకో పరీక్ష వ్యాధిని పట్టిస్తాయి. కాల్షియాన్ని కరిగించే మందు లేదు. కవాటాన్ని మార్చే చికిత్స ఉంది. అది శస్త్రచికిత్సతో గానీ, 2002లో తొలిసారి జరిగినట్లు రక్తనాళం గుండా గానీ చేస్తారు. గుండె అలసిపోక మునుపే ఆ మాట సరిగా చెప్పండి.