పసితనమున నేర్చిన భయములు



పాము కరచినవానికి తాడును చూచినను భయమే యని తెలుగు పెద్దలు చెప్పుదురు. ఈ చిన్నమాటలో ఒక శాస్త్రమే యిమిడి యున్నది. కరచినది పాము, తాడు ఏ యపకారమును చేయలేదు. అయినను భయము పాముకడ ఆగక, దానిని పోలిన తాడు మీదికి ప్రాకినది. పసిబిడ్డల భయములలో పెక్కు ఇట్టివే. అవి యెట్లు పుట్టునో, యెట్లు తొలగునో తెలిసికొనుట తల్లిదండ్రులకు మిక్కిలి యవసరము.

నిమ్‌పురా నివాసులు దీనికి నిదర్శనమును దూరమున వెదకనక్కరలేదు. ఖరగ్‌పూర్‌లో బెంగాలు-నాగపూరు రైల్వే కర్మాగారము వెలసిన నాటినుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగు కుటుంబములు ఈ పట్టణమునకు వచ్చి స్థిరపడినవి. ఇచ్చటి గూడ్సు యార్డులో వ్యాగనులు రాత్రియనక పగలనక ఒకదానితో నొకటి తాకుచుండును. రైల్వే క్వార్టర్సులో పుట్టిన శిశువు ఆ చప్పుడులోనే సుఖముగా నిద్రించును. సెలవులకు స్వగ్రామమునుండి వచ్చిన చుట్టముల బిడ్డ అదే చప్పుడునకు ఉలికిపడి లేచి తల్లిని హత్తుకొనును. చప్పుడు ఒక్కటే; మరి భేద మెచ్చట? ఆ చప్పుడు వెంట ఏ కీడును రాదని మొదటి బిడ్డకు వేలసార్లు అనుభవమైనది. రెండవ బిడ్డకు ఇంకను కాలేదు. భయపడుట నేర్చినట్లే భయపడకుండుటయు నేర్వదగిన విద్యయే.

ఈ నేర్పు ఎట్లు జరుగునో మొదట కుక్కల యందు కనిపెట్టిరి. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియను పరిశోధించి 1904లో నోబెల్ బహుమానము పొందెను. కుక్కకు ఆహారము పెట్టుటకు ముందు ప్రతిసారియు మెట్రోనోమ్ అను యంత్రముచే టకటక చప్పుడు చేయింపగా, కొంతకాలమునకు ఆహారము లేకున్నను ఆ చప్పుడునకే దాని నోట లాలాజలము ఊరజొచ్చెను. సంబంధము లేని రెండు విషయములు వెంటవెంట జరుగుటచే మనస్సులో ముడిపడినవి. ఈ ముడి పడుటకే మనస్తత్వ శాస్త్రజ్ఞులు నిబంధన మని పేరిడిరి.

అమెరికాలో బాల్టిమోర్ నగరమందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనువారు ఈ సూత్రమును పసిబిడ్డకు అన్వయించి 1920లో తమ ప్రయోగమును ప్రకటించిరి. వారు ఆల్బర్టు అని పేర్కొన్న శిశువు తొమ్మిది నెలల వయస్సున తెల్లయెలుకను గాని, కుందేలును గాని, కుక్కను గాని చూచి భయపడలేదు. వెనుకనుండి ఉక్కుకడ్డీపై సుత్తితో కొట్టినప్పుడు మాత్రము బెదరి ఏడ్చెను. పదునొకండు నెలలు దాటిన పిదప, ఎలుక కనబడినప్పుడు కడ్డీని మోగించిరి. వారము వ్యవధిలో ఏడుసార్లు ఇట్లు చేసినంతనే, మ్రోత లేకున్నను ఎలుకను చూచి వాడు ఏడ్చి ప్రాకిపోజొచ్చెను. మరికొన్ని దినములకు కుందేలును, కుక్కను, తుదకు బొచ్చుకోటును చూచియు బెదరెను. పామునుండి తాడునకు భయము ప్రాకుట యనగా ఇదియే. ఆ భయమును పోగొట్టకమునుపే బిడ్డ ఆస్పత్రి విడిచి వెడలిపోయెను. ఒక పసివానికి కోరి భయమును నేర్పి వదలివేసిన ఇట్టి ప్రయోగమును నేటి నియమములు అంగీకరింపవు.

ఒక్క బిడ్డను చూచి లోకమున కంతటికి సూత్రము కట్టరాదు. 1934లో ఎల్సీ బ్రెగ్మన్ కొయ్యబొమ్మలతోను తెరగుడ్డలతోను ఇట్టి యత్నమే చేయగా, శిశువులకు వానియెడ భయము కుదరలేదు. ప్రతి వస్తువుతోను భయము ఒకేరీతిగా ముడిపడదు. 1980 తరువాతి సంవత్సరములలో సుసాన్ మినెకా చేసిన కోతుల పరిశోధనలును ఈ సంగతినే తెలిపినవి. ప్రయోగశాలలో పెరిగిన కోతులకు పామన్న జంకు లేదు. అడవిలో పుట్టిన కోతి పామును చూచి బెదరుట కంటబడగానే అవియు బెదరుట నేర్చినవి. పువ్వును చూచి కోతి బెదరుచున్నట్లు చిత్రమును కూర్చి చూపినప్పుడు మాత్రము పువ్వునకు భయపడలేదు.

ఇందు మరియొక పాఠము కలదు. భయమును నేర్చుటకు స్వయముగా దెబ్బ తినవలసిన పనిలేదు. పెద్దల ముఖము చూచిన చాలును. ఏడాది వయస్సు గల బిడ్డలను క్రింద లోతు కనబడు గాజుబల్లపై నుంచి, తల్లులను ఆవలి యంచున నిలిపి చేసిన పరిశోధన 1985లో వెలువడినది. తల్లి నవ్వుమొగముతో నున్నప్పుడు 19 మందిలో 14 మంది బిడ్డలు దాటి వచ్చిరి. తల్లి ముఖమున భయము చూపినప్పుడు 17 మందిలో ఒక్కరును దాటలేదు. తల్లి ముఖమే బిడ్డకు మొదటి సిగ్నలు.

ఇక ఇండ్లలో జరుగునది చూడుడు. అన్నము తినని బిడ్డతో బూచివాడు వచ్చుచున్నాడందురు. అల్లరిచేసినచో పోలీసు పట్టుకొనిపోవునందురు. డాక్టరు సూది గ్రుచ్చునందురు. ఆ పూట బిడ్డ ఊరకుండును గాని, మరునాడు జ్వరము వచ్చి ఆస్పత్రికి పోయినప్పుడు తెల్లకోటును చూచినంతనే కేకలు పెట్టును. పెద్దలు దానిని జడుపు అని వేపమండలతో విసరుదురు, తాయెత్తు కట్టుదురు. ముడివేసిన చేతులు తమవేయని వారికి స్ఫురింపదు. ఎవరినాశ్రయించి రక్షణ పొందవలెనో వారినే చూచి బెదరునట్లు బిడ్డను తీర్చుట ఎంత పొరపాటు!

ముడివేసిన దానిని సడలింపను వచ్చును. 1924లో మేరీ కవర్ జోన్స్ అను విదుషీమణి పీటరు అను బాలుని వృత్తాంతమును ప్రకటించెను. మూడేండ్లయినను నిండని ఆ బాలునికి కుందేలన్న మహాభయము. వాడు ఇష్టమైన ఆహారము తినుచుండగా, కుందేలును మొదట దూరముననే యుంచి, వాడు కలత చెందని మేరకు నానాటికి దగ్గరకు జరిపిరి. భయములేని ఇతర బాలకులు కుందేలుతో ఆడుకొనుటను వాడు చూచుచుండెను. తుదకు వాడు కుందేలును నిమురుచు, తన వ్రేళ్లను కొరుకనిచ్చెను. బలవంతముగా చీకటిగదిలో త్రోసి తలుపు వేసినచో చీకటిభయము పోదు, పెరుగును. అట్లని ఎన్నడును చీకటివైపు పోనీయకున్నను పోదు. చీకటిలో ఏమియు లేదని తెలిసికొను అవకాశమే బిడ్డకు దొరకదు. తండ్రి చేయి పట్టుకొని మొదట గడపవరకు, పిమ్మట గదిలోనికి పోవుటయే మార్గము. ఒకప్పుడు పోయిన భయము మరల తలయెత్తవచ్చును. అప్పుడు గేలిచేయక, ఆ మెట్టునుండియే మరల నారంభింపవలెను.

అయిన బిడ్డలకు భయమే వలదా యని కొందరడుగవచ్చును. పట్టాల ప్రక్కన కాపురముండువారికి ఇది ప్రాణముతో కూడిన ప్రశ్న. యార్డులో బూచి యున్నాడని చెప్పి బిడ్డను ఆపిన తల్లి ఆలోచింపవలెను. ఎదిగిన బిడ్డ ఒకనాడు అచ్చట బూచి లేడని కనుగొనును. ఆనాడు బూచితోపాటు జాగ్రత్తయు పోవును. బండి నిజము. బ్రేకు వేసిన పిదపను అది చాల దూరము సాగిగాని ఆగదనుట నిజము. ఇంజను లేకయే దొర్లుకొని వచ్చు వ్యాగను అంతగా చప్పుడు చేయదనుట నిజము. బిడ్డ చేయి పట్టుకొని పట్టాలకు దూరముగా నిలిచి, ఈ నిజములను శాంతమైన ముఖముతో పలుమారు చెప్పి, ఎప్పుడును వంతెన మీదుగనే నడచి చూపవలెను. బూచి నేర్పునది భయము; నిజము నేర్పునది జాగ్రత్త. భయము బిడ్డను ఎచ్చటనైనను నిలిపివేయును. జాగ్రత్త నిలువవలసిన చోటనే నిలుపును.

మొక్కై వంగనిది మానై వంగునా యను సామెతను పెద్దలు బిడ్డల విషయమున తరచు వాడుదురు. మొక్కను వంచు చేయి ఎట్టిదో కూడ చూచుకొనవలెను. ఈ రాత్రి ఇంటికిపోయి బిడ్డను నిద్రపుచ్చునప్పుడు బూచిని పిలువక, ఒక మంచి కథ చెప్పుడు. యార్డులో చప్పుడైనప్పుడు అది యేమని బిడ్డ అడిగినచో, వ్యాగనులను బండికి కూర్చుచున్నారని నెమ్మదిగా చెప్పుడు.