కంచంలో లెక్క ఎక్కడ తప్పింది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమన్నప్పుడు మిత్రులు "ఇంజినీరువి కదా, చెరువుల గురించో కాలువల గురించో చెప్పు" అన్నారు. తిండి గురించి చెప్తానన్నాను. "అది వంటవాళ్లు చూసుకుంటరు, నీకెందుకు" అని నవ్వారు. నవ్విన వాళ్లలో ఇద్దరు షుగర్ మాత్రలు జేబులో పెట్టుకొని వచ్చారు. మూడోవాణ్ని నేనే.

నాది 1986 పదో తరగతి బ్యాచ్. మా బ్యాచ్‌లో కబడ్డీ కూతకు వెళ్తే ఎవరికీ దొరకని మిత్రుడు ఒకడున్నాడు. ఈ రోజు ఇక్కడికి రాలేదు. వారానికి మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్తాడు, ఈ రోజు కూడా వెళ్లాలి. మొన్న ఫోన్ చేసి "సభల ఏం మాట్లాడాలె" అని అడిగితే, "నా పేరు చెప్పకు గని నా సంగతి చెప్పు" అన్నాడు. 42 ఏళ్లకు షుగర్ బయటపడింది. ఎవరో ఆకు పసరు తాగితే చాలన్నారని మాత్రలు ఆపేశాడు. ఒంట్లో నొప్పి లేదు గనుక జబ్బు పోయిందనుకున్నాడు. పదేళ్లలో కిడ్నీలు పోయాయి. వాడి మాట నిలబెట్టడానికే ఈ అంశం ఎంచుకున్నాను.

ఇక నా సంగతి. 46 ఏళ్లప్పుడు ఆఫీసులో అందరికీ పరీక్షలు చేయించారు. పరగడుపున నా షుగర్ 168 వచ్చింది. "నేను స్వీట్లు ముట్టను, చాయ్‌లో చక్కెర కూడా తక్కువే" అని డాక్టరమ్మతో వాదించాను. ఆమె ఒక్కటే అడిగారు: "రోజుకు బియ్యం ఎంత తింటారు?" నా దగ్గర జవాబు లేదు. ఏ గోడకు ఎన్ని బస్తాల సిమెంటు పడుతుందో నోటికి చెప్పగలను గానీ, నా కంచంలో రోజూ ఎంత పడుతోందో తెలియదు.

ఇంటికెళ్లి లెక్క మొదలుపెట్టాను. ఇంట్లో ముగ్గురం: అమ్మ, నా భార్య, నేను. 25 కిలోల బియ్యం బస్తా 22 రోజులకు అయిపోతోంది. అంటే మనిషికి రోజుకు దాదాపు 380 గ్రాములు. అమ్మ తినేది పిడికెడు. కాబట్టి నా వాటా అర కిలో దాటుతోంది. పొద్దున తినే ఉప్మా, దోసెలు ఇందులో కలపలేదు. నూనె ప్యాకెట్లు నెలకు అయిదు, అంటే మనిషికి రోజుకు 50 గ్రాములు. కందిపప్పు నెలకు రెండున్నర కిలోలు, మనిషికి 28 గ్రాములు.

ఎంత ఉండాలో చూద్దామని తర్వాత హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు తీశాను. రోజుకు 2000 కిలో కేలరీల తిండికి వాళ్లిచ్చిన కొలతలివి: అన్ని ధాన్యాలూ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ధాన్యం, పప్పు తూకాలు వండకముందువి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటవద్దు. నా కంచంలో అన్నం రెట్టింపు, పప్పు మూడో వంతు. నూనె కూడా రెట్టింపే. డిజైన్ ఇలా వేసి ఉంటే నన్ను ఆ రోజే సస్పెండ్ చేసేవాళ్లు.

మనం ఇక్కడికి ఎలా వచ్చాం? వెనక్కి పోయి చూస్తే మనందరి కథా ఒకటే. మన చిన్నతనంలో పొద్దున సద్ది అంబలి. మధ్యాహ్నం జొన్న గటకో, మక్క గటకో, అందులోకి పచ్చి పులుసు. రాత్రికి జొన్న రొట్టె, పుంటికూర. వరి బువ్వ పండుగకో, చుట్టాలొస్తేనో. ఏడో తరగతిలో నా పక్కన కూర్చునే దోస్తు బువ్వ టిఫిన్ తెస్తే, గటక తెచ్చుకున్న మేము డబ్బా మూత అడ్డం పెట్టుకొని తినేవాళ్లం. బువ్వ తినడం అంటే గొప్ప. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా వాడలో తల్లుల కళ్లల్లో సంతోషం నాకు ఇంకా గుర్తుంది. ఆకలిని తరిమిన బియ్యం అది. దాన్ని నేను తప్పు పట్టను.

తర్వాత బోర్లు వచ్చాయి. శ్రీరాంసాగర్ రెండో దశ, దేవాదుల వచ్చాయి. 2015 నుంచి మిషన్ కాకతీయతో చెరువుల పూడిక తీశారు. రాష్ట్రంలో మొదటి రైతు వేదికను 2020 అక్టోబర్ 31న మన కొడకండ్లలోనే ప్రారంభించారు. నీళ్లొచ్చిన చోట వరి వచ్చింది. ఆ నీళ్ల పనిలో నాకూ చిన్న పాత్ర ఉంది, దానికి గర్వపడతాను. కానీ చేన్లలోంచి జొన్న, పెసర, బబ్బెర, అనుము, నువ్వు తగ్గుతున్న కొద్దీ కంచంలోంచీ తగ్గాయి. మరోపక్క పని కూడా మారింది. మా నాయన అర కిలో బువ్వ తిని నాగలి పట్టేవాడు. నేను అంతే తిని జీపు ఎక్కాను.

ఇంజినీరు భాషలో చెప్పాలంటే ఒళ్లు చెరువు లాంటిది. వరద వచ్చినంత నష్టం లేదు, తూము తెరిచి ఆయకట్టుకు పారిస్తే చాలు. మన ఒంట్లో ఆయకట్టు కండరాలు. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరను ఎక్కువగా వాడుకునేది అవే. నడక లేదు, మోత లేదు, తూము మూసి ఉంది, పై నుంచి వరద ఆగదు. కట్ట ఎన్నాళ్లు ఆగుతుంది?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "మన తాతలు జొన్నలు తిని నూరేళ్లు బతికిండ్రు" అని ఈ మధ్య ప్రతి పెళ్లిలోనూ వింటున్నాం. అది నిజం కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో సగటు ఆయుష్షు 32 ఏళ్ల చుట్టూ ఉండేది. ఉన్న పప్పు, కూర, పాలు అందక జొన్న ఒక్కదాని మీదే బతికిన దక్కను పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలే మెడ, చేతుల మీద చర్మం నల్లబడి పొట్టు లేచేది, విరేచనాలయ్యేవి, ముదిరితే మతి తప్పేది. దాని మీద 1960లో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా హైదరాబాద్ నుంచే లోకానికి తెలిసిన పరిశోధన చేశారు. మరోవైపు కోస్తాలో బాగా పాలిష్ పట్టిన బియ్యం మీదే బతికిన వాళ్లకు బెరిబెరి వచ్చేది. నేను చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. కాబట్టి జొన్న దేవుడూ కాదు, బియ్యం దయ్యమూ కాదు. ఏ గింజైనా ఒక్కదాన్నే నమ్ముకుంటే దెబ్బ తింటాం.

అలాగని జొన్నకు, కొర్రకు, తైదకు విలువ లేదనుకోవద్దు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్, పోషకాహార సంస్థ వాళ్లు మరికొందరితో కలిసి 11 దేశాల అధ్యయనాలను పరిశీలించి 2021లో ఒక నివేదిక ఇచ్చారు. చిరుధాన్యాలు క్రమంగా తినేవాళ్లకు షుగర్ 12 నుంచి 15 శాతం తగ్గిందని అందులో తేలింది. బియ్యంలో కూడా తేడాలున్నాయి. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు 2015లో విడుదల చేసిన తెలంగాణ సోన, అదే ఆర్ఎన్ఆర్ 15048, రక్తంలో చక్కెరను మిగతా సన్నాలంత వేగంగా పెంచదు. అయితే "షుగర్ బియ్యం" అని పేరు పెట్టి రెండు కంచాలు తింటే లాభం లేదు.

నేనేం చేశానో చెప్తాను. కంచంలో వడ్డించే వరస మార్చాను. ముందు కూర, సగం కంచం నిండా. తర్వాత పప్పు. ఆ తర్వాతే అన్నం, కొలిచిన గరిటెతో. రాత్రికి జొన్న రొట్టె. వారానికి మూడు రోజులు బబ్బెర్లో, పెసర్లో, ఉలువలో ఉడకబెట్టుకుంటాం. గుడ్లు, చేపలు మానలేదు. మా ఆవిడ నూనె ప్యాకెట్లు అయిదు నుంచి మూడుకు తెచ్చింది. ఆ ఘనత ఆమెదే, నాది కాదు. పచ్చడి ముద్ద ముద్దకూ నంజుకోవడం మానేశాను, ఉప్పంతా అందులోనే ఉంది. అన్నం తిన్నాక టీవీ ముందు కూర్చోకుండా పావుగంట నడుస్తాను. డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర ఒక్క రోజూ ఆపలేదు. ఏడాదికి 84 కిలోల నుంచి 76కు వచ్చాను. మూడు నెలల సగటు షుగర్ 8.4 నుంచి 6.6కు దిగింది. పండుగకు సకినాలు, సర్వపిండి తింటాను. పండుగ నాడు తింటాను, పండుగ అయ్యాక నెల రోజులు డబ్బా దగ్గర కూర్చోను.

తోటివాళ్లను పోలుస్తూ ఒక మాట. మగవాళ్లం మన షుగర్ గురించే మాట్లాడుకుంటున్నాం. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. కానీ అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఒకే ఇంట్లో తండ్రికి షుగర్, బిడ్డకు రక్తం తక్కువ. అందరూ తిన్నాక అడుగున మిగిలిన బువ్వ, చారు తల్లీబిడ్డలకు మిగులుతున్నాయి. గంగవాయిలి కూర, తోటకూర, పప్పు, గుడ్డు, ఒక జామకాయ. ఇవి ఖరీదైనవి కావు. ముందు ఎవరి కంచంలో వడ్డిస్తున్నామన్నదే ప్రశ్న.

షుగర్, బీపీ ఉన్న మిత్రులకు నా విన్నపం. నా మాట విని మాత్రలు మార్చుకోకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పప్పు, పండ్ల కొలత వేరుగా ఉంటుంది. డాక్టరును అడిగే మార్చండి. సూరత్, భివండి మిల్లుల్లో నైట్ షిఫ్టులు చేసి వచ్చిన మన నేత సోదరులు, మగ్గం మీద రోజంతా కూర్చునే వాళ్లు 30 దాటగానే పరీక్ష చేయించుకోండి.

చివరగా సంఘానికి మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, ఏటా మన కలయిక రోజున పొద్దున్నే బీపీ, షుగర్ పరీక్షల టేబుల్ పెడదాం, ముందు వరుసలో సార్లను కూర్చోబెడదాం. ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. రెండు, బడి ఆవరణలో పుంటికూర, తోటకూర, మునగ, జామ పెంచుదాం. నీళ్ల పైపు లైను నేను వేయిస్తాను. మూడు, వచ్చే ఏడు భోజనాల్లో బగార అన్నంతో పాటు జొన్న రొట్టె, రెండు కూరలు, బబ్బెర గుడాలు పెడదాం, కూల్‌డ్రింకుల బదులు మజ్జిగ పోద్దాం.

మా లెక్కల సారు జవాబు కరెక్టు వచ్చినా, మెట్లు వేయకపోతే మార్కులిచ్చేవారు కాదు. సార్, 46 ఏళ్ల దాకా నేను తిండిలో మెట్లు వేయలేదు, జవాబూ తప్పింది. ఇప్పుడు వేసుకుంటున్నాను. ఇంకో గంటలో భోజనాలు. ఎవరి కంచంలోకీ తొంగిచూడనని మాటిస్తున్నాను. కానీ తిన్నాక పావుగంట బడి గ్రౌండు చుట్టూ నడుద్దాం. కబడ్డీ కోర్టు దగ్గర నుంచి మన మిత్రుడికి వీడియో కాల్ చేద్దాం, డయాలసిస్ అప్పటికి అయిపోతుంది.