అంగళ్లు మూసిన ఆదివారము

మన ఊళ్లలో ఆదివారమనగా సగము బజారుపనికే సరిపోవును. ఆరు దినములు కచేరీకి పోయిన గృహస్థు సంచి చేతబట్టి కూరగాయలకో, మాంసమునకో, పిల్లల బట్టలకో బయలుదేరునది ఆనాడే. ఇట్టి అలవాటు గల తెలుగువాడు చదువునకో ఉద్యోగమునకో జర్మనీ చేరినచో, మొదటి ఆదివారము నాడు వీథిలోనికి వచ్చి నివ్వెరపోవును. దుకాణములన్నియు తలుపులు వేసికొని యుండును. ఇంట బియ్యము నిండుకొన్నను సోమవారము దాక ఆగవలసినదే. ఆ ఆదివారమును గూర్చి నేడు కొంత ముచ్చటించుకొందము.

అచ్చట సర్వమును స్తంభించునని మనము భావింపరాదు. రైలు స్టేషనులలోని అంగళ్లు, పెట్రోలు బంకులు తెరచియుండును. మందుల అంగళ్లు వంతులవారీగా పనిచేయును. చాలచోట్ల రొట్టెల అంగళ్లు కొన్ని గంటలు తెరతురు. భోజనశాలలకు, వస్తుప్రదర్శనశాలలకు అడ్డులేదు. కాని ఏడున్నర టన్నులకు మించిన లారీలు, కొన్ని మినహాయింపులు తప్ప, రాత్రి పదిగంటల వరకు రోడ్డెక్కరాదు. ఇండ్ల నడుమ పచ్చిక కోయు యంత్రము నడుపరాదు. ఖాళీ గాజుసీసాలను వీథితొట్టిలో పడవేయుట సైతము కూడదు. ఆ చప్పుడు పొరుగువారి విశ్రాంతికి భంగమని వారి తలంపు.

ఈ ఆచారమునకు మూలము మతముననే కలదు. క్రీ. శ. 321లో రోము చక్రవర్తి కాన్‌స్టంటైను పట్టణములలో ఆదివారము పనులు నిలుపవలెనని శాసించెను. రైతులను మాత్రము విడిచిపెట్టెను. అదను తప్పిన సేద్యము మరల చేతికి రాదుగదా! ఆధునిక కాలమున 1919 నాటి వైమార్ రాజ్యాంగము ఆదివారమును విశ్రాంతిదినముగా రక్షించినది. 1949లో మౌలిక శాసనమును రచించుకొన్నప్పుడు ఆ నిబంధనను అట్లే నిలుపుకొనిరి. 1956లో దుకాణముల మూసివేత చట్టము వచ్చినది. తరువాతి కాలమున వారపు దినముల వేళలు క్రమముగా సడలినవి; 2006లో ఆ అధికారము రాష్ట్రములకు సంక్రమించినది. ఆదివారము మాత్రము పెద్దగా కదలలేదు.

కదలింప యత్నించినవారు లేకపోలేదు. బెర్లిను రాష్ట్రము క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగు ఆదివారములందును అంగళ్లు తెరచుటకు అనుమతించినది. క్రైస్తవ సంఘములు న్యాయస్థానమున కెక్కినవి. 2009 డిసెంబరు 1న రాజ్యాంగ న్యాయస్థానము ఆ ఏర్పాటు చెల్లదని తీర్పు చెప్పినది. వర్తకుని రాబడి, కొనుగోలుదారుని నిత్యపు కోరిక—ఈ రెండు మాత్రమే ఆదివారపు విశ్రాంతిని తొలగించుటకు చాలవని ఆ తీర్పు సారాంశము.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. గుమాస్తాకు మంగళవారము సెలవిచ్చి ఆదివారము పని చేయించుకొన్న నష్టమేమి? దినములన్నియు ఇరువదినాలుగు గంటలవేగదా! నష్టము కలదు. తండ్రికి మంగళవారము, తల్లికి గురువారము, బిడ్డకు ఆదివారము సెలవైనచో ఆ ఇంట మూడు సెలవులుండును గాని నలుగురు కలిసి కూర్చుండు పూట ఒక్కటియు నుండదు. కుటుంబము, స్నేహితులు, సంఘములు కూడుటకు అందరికిని ఒకే తీరిక కావలెనని ఆ న్యాయస్థానము కూడ గుర్తించినది.

మన దేశమున వారపు సెలవు ఊరక వచ్చినది కాదు. బొంబాయి మిల్లు కార్మికులకై నారాయణ మేఘాజీ లోఖండే ఏండ్ల తరబడి పాటుపడగా, 1890లో వారికి ఆదివారము సెలవు లభించినది. దుకాణములకు 1942లో వారపు సెలవుల చట్టము వచ్చినది. వారమున కొక దినము అంగడి మూయవలెనని, ఆ దినమేదో అంగడివాడే నిర్ణయించి పలకపై వ్రాసి అందరికి కనబడునట్లు ఉంచవలెనని ఆ చట్టము చెప్పినది. అమలు రాష్ట్రముల ఇష్టమునకు విడిచినది. సెలవు వచ్చినది గాని అది అంగడికొక తీరుగా వచ్చినది.

కనుక జర్మనీ పద్ధతిని మనమును అనుసరింపవలెనని మా వాదము కాదు. ఆదివారపు బేరముతో వారమంతయు గడుపుకొను చిన్న వర్తకులు మన ఊళ్లలో ఎందరో కలరు. వారి పొయ్యి ఆర్పి మనము విశ్రాంతి గొనుట న్యాయము కాదు. జర్మనీలోను చర్చ ముగియలేదు. 2024లో హెస్సె రాష్ట్రము సిబ్బంది లేకుండ యంత్రములతో నడచు చిన్న అంగళ్లను ఆదివారము తెరచుటకు సమ్మతించినది. గుమాస్తా లేనప్పుడు విశ్రాంతి చెడునది ఎవరిదని కొందరి ప్రశ్న. ఊరి నిశ్శబ్దము చెడునుగదా యని కొందరి జవాబు.

చట్టముతో పనిలేక మన ఇండ్లలో చేయదగినది కొంత కలదు. సరుకులు శనివారమే తెచ్చుకొనవచ్చును. ఆదివారము మధ్యాహ్నము అచ్చటివారివలె ఇంటిల్లిపాదియు నడకకు పోవచ్చును. చాలకాలముగా చూడని బంధువు గడప త్రొక్కవచ్చును. అన్నిటికంటె ముందు వంటయింటివైపు చూడవలెను. మన ఆదివారము ఇంటి ఇల్లాలికి సెలవు కాదు; నాలుగు కూరలు, ఇద్దరు అతిథులు అదనముగా వచ్చు దినము. అంగడి గుమాస్తా విశ్రాంతిని గూర్చి తలచు మనము ఆమె విశ్రాంతిని మరువరాదు. ఉదయము కూరలు తరుగుట పిల్లలకును, సాయంకాలము కాఫీ కాచుట మగవారికిని అప్పగించి, ఒక్క పూటయైనను ఆమెను వచ్చి మనతోబాటు కూర్చుండనిత్తము. ఆ పూట ఆ ఇంట నిజముగా ఆదివారమగును.