పొట్టపై తెఱచిన దారిని మరల మూయవచ్చునా?

భద్రాచలమునుండి ఖమ్మమునకు 100 కిలోమీటర్లకు పైబడిన దారి. పెద్దప్రేగు చిల్లిపడిన అడవిపల్లె రోగి శస్త్రవైద్యుని చేరునప్పటికి కడుపులో చీము నిండవచ్చును. అప్పుడు ప్రేగును కలిపి కుట్టినను నిలుచునన్న నమ్మకము లేదు. కావున ప్రేగు కొసను పొట్టపైకి తెచ్చి, మలము సంచిలో పడునట్లు చేయుదురు. ఇదియే కొలాస్టమీ. 1921లో ఫ్రెంచి వైద్యుడు హార్ట్‌మన్ కేన్సరునకై వివరించిన పద్ధతినే నేడు ఇట్టి ఆపదలకును వాడుదురు.

ఈ సంచి జీవితాంతమా? పలువురికి కాదు. సాధారణముగా 3 నుండి 6 నెలలకు, ఒడలు కోలుకొన్న పిదప, కొసలను కలుపుదురు. అదియు పెద్ద శస్త్రచికిత్సయే. అతుకు ఊడు ప్రమాదము కలదు. మలద్వారమునే తొలగించినవారికి సాధ్యము కాదు; గుండె దుర్బలమైనవారికి వైద్యులే వలదనవచ్చును. వీలుండియు, ఇది తలవ్రాత యనుకొని తిరిగి రానివారిని గూర్చియే నా విచారము. ఆసుపత్రి విడుచునాడే “మరల కలుపవచ్చునా? ఎప్పుడు రావలెను?” అని అడుగుడు. ఏ భాగము తీసిరో తెలుపు కాగితమును భద్రపఱచుడు. రెండవ వైద్యునకు అదియే దారి చూపును.