తెలిసిన తాళము, తెలియని తాళము

పలాస, టెక్కలి గ్రామములలో జముకుల కథ చెప్పునపుడు, కథకుడు జముకు తంతిని మీటగానే మన పెద్దల తలలు ఊగును. తరువాతి దెబ్బ ఎప్పుడు పడునో వారికి ముందే తెలియును. అక్కడనే కూర్చున్న క్రొత్తవానికి అది వట్టి మోతగా తోచవచ్చును. చెవులు ఇద్దరికిని ఒక్కటే. మరి భేదము ఎక్కడ నున్నది?

భేదము మెదడులో నున్నది. మనము పాటను విని ఊరకుండము. రాబోవు స్వరమును, రాబోవు దెబ్బను లోలోపల ఊహించుచు విందుము. చిన్ననాటి నుండి విన్న సంగీతమైనచో ఆ ఊహ అప్రయత్నముగా సాగును. 2010లో డెమొరెస్ట్, మారిసన్ మొదలగు పరిశోధకులు అమెరికా వారికిని, తుర్కీ వారికిని పలుదేశముల సంగీతము వినిపించి, వారి మెదళ్లను యంత్రముతో పరిశీలించిరి. ఎవరి సంగీతము వారికి బాగుగా జ్ఞాపకమున్నది. పరాయి సంగీతము వినునపుడు మెదడులో కొన్ని భాగములు ఎక్కువగా పనిచేసినవి. అనగా, మనకు రుచింపని పరాయి పాటలో లోపమున్నదని కాదు. మనకు శ్రమ ఎక్కువైనదని అర్థము.

అట్లని పరాయి కళ మనకు పూర్తిగా మూగది కాదు. 1999లో బాల్క్‌విల్, థాంప్సన్ అను వారు హిందూస్థానీ రాగములను పాశ్చాత్య శ్రోతలకు వినిపించిరి. హర్షమును, విషాదమును, క్రోధమును వారు గుర్తింపగలిగిరి. శాంతము మాత్రము వారికి సరిగా అందలేదు. 2009లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో, పాశ్చాత్య సంగీతమెరుగని కామెరూన్ దేశపు మఫా జనులు ఆ సంగీతములోని సంతోషమును, దుఃఖమును, భయమును పోల్చుకొనిరి. వేగము, మాంద్యము వంటి గుర్తులు ఎల్లలు దాటును. సూక్ష్మమైన భావమునకు మాత్రము పరిచయము కావలెను.

ఈ పరిచయము కలుగుటకు శైశవమే మేలైన కాలము. 2005లో హానన్, ట్రెహబ్ అను వారు బాల్కను దేశముల విషమ తాళములతో పరీక్షలు జరిపిరి. ఉత్తర అమెరికా పెద్దలు ఆ తాళములలోని తప్పును పట్టలేకపోయిరి. ఆరు నెలల శిశువులు పట్టగలిగిరి! ఏడాది నిండు వేళకు శిశువులును ఆ శక్తిని కోల్పోయిరి. అయినను రెండు వారములు ఇంట ఆ సంగీతము వినిపింపగా వారికి అది తిరిగి వచ్చినది. పెద్దలు అట్లే విన్నను వారికి అంత ఫలము కలుగలేదు.

దీనిని మన సీమకు అన్వయించుకొందము. ఉద్దానము ఎల్లల నడుమ నున్న నేల. ఒకవంక మన తప్పెటగుళ్లు, జముకుల కథలు. ఒకవంక గంజాము సీమ దాసకాఠియా. మన్యపు కొండలలో సవరల వాద్యములు. ఇన్ని సంగీతములు ఇంత చేరువలో నుండుట ఇచటి శిశువులకు భాగ్యము. భారతీయ, పాశ్చాత్య సంగీతములు రెండును వినుచు పెరిగినవారు రెండింటికిని సమముగా స్పందింతురని 2009లో వాంగ్ మొదలగు వారు చూపిరి. రెండు భాషలు ఒక నోట ఇమిడినట్లే రెండు సంగీతములును ఒక చెవిలో ఇముడును.

కాని మన కుటుంబములు అనేకము బ్రతుకుతెరువునకై పలాస స్టేషనులో రైలెక్కి దూర నగరములకు పోవుచున్నవి. ఆ బిడ్డలు తప్పెట మోత వినకయే పెరుగుచున్నారు. 2020లో వచ్చిన ‘పలాస 1978’ చిత్రము మన జానపదమును తెలుగునాట నలుమూలలకు చేర్చినది; సంతోషమే. అయినను కొద్ది నిమిషముల పాట రాత్రి తెల్లవార్లు సాగు కథకు బదులు కాజాలదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన కొబ్బరి తోటలను కూల్చినది. కూలిన తోటను ఏ వయస్సువారైనను మరల నాటవచ్చును. తాళమును చెవిలో నాటుటకు మాత్రము అదను కలదు. కావున పసిబిడ్డలను ఒడిలో నుంచుకొని మన కథలు వినిపింతము. పొరుగువారి పాటలను గూడ వినిపింతము. పెద్దలమైన మనకు ఏ పరాయి పాటయైనను మొదట మోతగా తోచినచో, తీర్పు చెప్పుటకు ముందు దానిని మరల మరల విందము.