సముద్రపు సర్వీసు రిజిస్టరు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఉద్యోగ జీవితమంతా సర్వీసు రిజిస్టరులో ఉంటుంది. సముద్రానికీ అటువంటిది ఒకటున్నది. అది తీరంలోని ఉప్పు చిత్తడి నేలల్లో, పొరలు పొరలుగా పేరుకున్న బురద.

పోటు నీరు వచ్చిపోయే ఆ నేలల్లో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులుంటాయి. వాటి గుల్ల ఇసుక రేణువంత. ఒక్కొక్క జాతి ఒక్కొక్క ఎత్తులో ఎక్కువగా బతుకుతుందని కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్, మెడియోలీ 1978లో చూపారు. గొట్టం దింపి బురద తీసి, ఏ పొరలో ఏ గుల్లలున్నవో సూక్ష్మదర్శినితో లెక్కిస్తే నాటి సముద్రమట్టం తెలుస్తుంది. ఆ పొరలోని మొక్కల అవశేషాలను కార్బన్-14 పద్ధతిలో పరీక్షిస్తే కాలం తెలుస్తుంది.

అమెరికాలోని నార్త్ కరొలినా తీరంలో ఇలా చదివిన 2,000 ఏళ్ల చరిత్రను 2011లో ప్రకటించారు. నేల క్రుంగుదలను మినహాయించినా, 19వ శతాబ్దం చివరి నుంచి సముద్రం ఏటా సుమారు 2 మిల్లీమీటర్లు పెరిగింది. అంతకు ముందు ఇంత వేగం లేదు. 1993 నుంచి ఉపగ్రహాలు కొలిచిన ప్రపంచ సగటు ఏటా 3 మిల్లీమీటర్లకు పైనే.

ఇంతేనా అని మిత్రులు అనవచ్చును. ఏటా ఆగకుండా వచ్చే చిన్న ఇంక్రిమెంటు ముప్పై ఏళ్ల సర్వీసులో ఎంతవుతుందో మనకు తెలియనిది కాదు. 1977 నాటి దివిసీమ ఉప్పెన మనకు గుర్తే. మట్టం పెరిగిన సముద్రం మీద లేచే ఉప్పెన మరింత లోపలికి వస్తుంది.

కనుక నా మనవి ఒక్కటే. తీరంలోని చిత్తడి నేలలను పూడ్చనీయవద్దని మన పిల్లలకు చెబుదాం. పూడిస్తే ఆ రిజిస్టరు పేజీలు చింపినట్లే.